లంగరు మీట

మంచు కాలం, మూడో రోజు

నలభై వరుసలు! నాలుగు నిమిషాల్లో నలభై వరుసలూ తిప్పేశాను! రాతపెట్టే, ముందు ఈ మాట రాసుకో. మిగతా గొడవంతా ఆ తర్వాత.

నా పేరు గరికిన కాసులమ్మ. వయసు డెబ్భై మూడు. అక్షరం ముక్క రాదు. గాలిగట్టు మీద మంచువలలు తిప్పే బల్ల నాది. నాదని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నాది కాదని ఈ పొద్దునే బల్లగది తలుపుకి కాగితం అంటించారు. దాని సంగతికి వస్తాను. ముందు నా నలభై వరుసలు.

పొద్దు కాస్త ఎక్కాక తూర్పులోయలోంచి పాలమబ్బు లేచింది. అది గట్టెక్కి, మా వలలకు తగిలి, అవతలి లోయలోకి జారిపోవడానికి పట్టేది పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల్లో ఎన్ని వరుసలు దానికి ఎదురు తిరిగితే అన్ని వరుసల నీళ్ళే ఆ రోజుకి గట్టు మీది ఆరు వందల గడపలకీ. ఇక్కడ చెరువు లేదు, బావి లేదు. వాన మా అమ్మ చెప్పిన కథల్లో ఉంది. మబ్బు దాటిపోయాక వల తిప్పితే అది ఆరేసిన చీరతో సమానం.

పూర్వం గాలిని చూసి తమంతట తామే తిరిగే వలలుండేవట. వాటి కళ్ళు పోయాయి, ఆ కళ్ళు చేసేవాళ్ళూ పోయారు. ఇప్పుడు మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని తిప్పాల్సిందే.

నాతోపాటు బల్ల దగ్గర పనిచేసే దాలినాయుడు చదువుకున్నవాడు, మంచివాడు, మౌస్ పట్టుకుంటాడు. వరుస మీద నొక్కుతాడు. ఒక పట్టీ వేలాడుతుంది. అందులో తిప్పడం ఎక్కడుందో వెతికి నొక్కుతాడు. ఎంత తిప్పాలో అడుగుతుంది, చెబుతాడు. నిజంగానేనా అని అడుగుతుంది. నిజమే తల్లీ అని మళ్ళీ నొక్కుతాడు. అప్పటికి నిమిషం. పదో వరుస దగ్గర ఉండగానే మబ్బు వాడికి వీపు చూపిస్తుంది.

నేనా? మొదటి వరుస ఒక్కటే తిప్పాను. చిటికెన వేలితో మూల మీట తొక్కిపట్టి ఆ తిప్పుడుని ఎత్తాను. దాటాను, వేశాను. దాటాను, వేశాను. గట్టు వంపు తిరిగేచోట ఇంకాస్త తిప్పి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ వేసుకుంటూ పోయాను. కిటికీలోంచి చూస్తే గట్టు పొడుగునా వలలు ఒకదాని వెనక ఒకటి మొహం తిప్పుతున్నాయి, కోడి కూస్తే పేటంతా లేచినట్టు! నలభయ్యోది తిరిగేసరికి మబ్బు ఇంకా పన్నెండో వరుస దగ్గరే ఉంది. దానికంటే నేనే ముందు!

"ఓలప్పా! అయి సేతి ఏళ్ళా, వడగళ్ళా?" అన్నాడు దాలినాయుడు.

"నోరు ముయ్యి, తొట్టి సూడు," అన్నాను. తొట్టి పొంగుతోంది. నవ్వి నవ్వి పక్కలు నొప్పెట్టాయి.

అప్పుడొచ్చింది హంసవేణి. నీటిసంఘం తరఫున తనిఖీకి పైకి వచ్చిన అధికారిణి. నలభై ఏళ్ళుంటాయి, సన్నగా, నడుముకి తాళాల గుత్తితో. ఆమె అంటించిన కాగితాన్ని దాలినాయుడు చదివి వినిపించాడు. గడిచిన నెలలో గండి దగ్గరి వల వరుస రెండుసార్లు చిరిగింది. తెర మీది రాత చదవకుండా అడ్డదారి మీటలతో పనిచేయడమే అందుకు కారణం. కాబట్టి చదవడం రానివాళ్ళు ఇకపై బల్ల ముట్టకూడదు. పదిహేనో రోజున విచారణ. వాదన ఉంటే రాసి ఇవ్వాలి.

అడ్డదారట! అమ్మా, అది దగ్గరదారి.

రాయలేను కనుక చెబుతున్నాను. నీటిసంఘం వాళ్ళదే ఈ రాతపెట్టె. దీనికి వినడం, రాయడం తప్ప వలలు తిప్పడం రాదు. బల్లగదిలో గాలిహోరుకి చెవిటిదైపోతుందని మా నడవాకి తెచ్చుకున్నాను. నా మాటల్ని పుస్తకాల భాషలోకి దువ్వి రాస్తుందట. దువ్వితే దువ్వింది గానీ, మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచాలని మొదటే దానికి గట్టిగా చెప్పాను.

నాలుగో రోజు

నాకు ఎవరు నేర్పారని కాగితంలో అడిగారు. చెబుతాను.

సముద్రం మా పేటను మింగాక గట్టెక్కినవాళ్ళం మేము. వచ్చింది వల అల్లడం. చేపల వల పోయి మంచు వల వచ్చింది. ఇరవై ఏళ్ళ కిందట బల్లగదిలో ఓ మూల కూర్చుని చిరుగులు అల్లేదాన్ని. అప్పుడు బల్ల దగ్గర సన్యాసిరాజుగారు ఉండేవారు, ఇప్పుడు లేరు. ఒక ఏడు ఆయన మౌస్ పాడైంది. కొత్తది రావడానికి మూడు నెలలు. గోడకి ఏనాటిదో పచ్చబారిన కాగితం ఉంది, ఏ మీటతో ఏ మీట కలిపి నొక్కితే ఏమవుతుందో రాసినది. ఆయన ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను కీబోర్డు మీద పెట్టి కొంగలా మెడ తిప్పుకుంటూ నొక్కేవారు. నేను ఆయన వేళ్ళు చూసేదాన్ని. వల అల్లేవాళ్ళం పెద్దవాళ్ళ వేళ్ళు చూసే నేర్చుకుంటాం. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు.

రెండో నెలలో ఒకరోజు ఆయన కాగితం వెతుక్కుంటుంటే మబ్బు వచ్చేసింది. ఉండబట్టలేక అరిచాను. "బావూ, మూలది తొక్కి, దాని పై వరసలో మూడోది కొట్టీ!" ఆయన కొట్టారు. పనైంది. వెనక్కి తిరిగి నన్నో మాదిరిగా చూసి, కుర్చీలోంచి లేచి, "కూర్చో," అన్నారు. 

ఆ రోజు నుంచి మీటలకి పేర్లు పెట్టుకున్నాను. ఎడమచేతి కింద మూలన ఉన్నది లంగరు. చిటికెన వేలితో దాన్ని తొక్కి ఉంచినంతసేపూ మిగతా మీటలు అక్షరాలు కక్కవు, చెప్పిన పని చేస్తాయి. దాని పై వరుసలో అంచున ఉన్న పొడుగు మీటని వదిలేస్తే మూడోది ఎత్తు, నాలుగోది వెయ్యి. ఆ పై వరుసలో రెండోది ముడి. ముడి పడితే ఇక చేసింది చెదరదు. ఇంకా పైన అంచుకి ఉన్నది దాటు, దానికి లంగరు అక్కర్లేదు. ఒక్కో తట్టుకీ ఒక్కో వరుస దాటుతుంది. లంగరుతో కిందికి చూసే బాణం తడితే ఆ వరుస వాలి పడుకుంటుంది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది విప్పు. లంగరు వేసి, దాని పై వరుసలో మొదటిది. వల అల్లికలో ఒక కన్ను తప్పితే అక్కడిదాకా విప్పుకుంటూ పోవాలి. ఈ యంత్రం కూడా ఒక్కో తట్టుకి ఒక్కో కన్ను విప్పి ఇస్తుంది! తప్పు చేసినా వెనక్కి నడిచి రావచ్చని తెలిసిన రోజున నేను గదిలో గంతేశాను. అప్పటికే నాకు యాభై దాటాయి.

నా కీబోర్డు మీద ఒక్క అక్షరం మిగల్లేదు. అన్నీ అరిగిపోయాయి. దాలినాయుడు దాని ముందు కూర్చుంటే దారి తప్పిన గొర్రెలా చూస్తాడు. నాకేం తేడా? నాకు అది ఎప్పుడూ అలాగే కనబడింది.

ఇప్పటికి పన్నెండుమంది ఆడవాళ్ళకి నేర్పాను. ఏడుగురు మా కింది పేట నుంచి ఎక్కినవాళ్ళు, అయిదుగురు తాతల నాటి నుంచి కొండ మీద ఉన్నవాళ్ళు. ఒక్కరికీ చదువు లేదు. ఒక్కరూ దాలినాయుడికి దొరకరు. నన్ను తీసేస్తే పన్నెండుమందినీ తీసేసినట్టే. అందుకే ఇంత అరుస్తున్నాను.

ఆరో రోజు

కీబోర్డు మీద కర్ర మూత బిగించి తాళం వేశారు. విచారణ అయ్యేదాకా మౌస్ ఒక్కటే.

ఈ పొద్దున పాలమబ్బు ఎంత చిక్కగా వచ్చిందని! చెంచాతో తీసుకు తినొచ్చు. నేను గుమ్మం బయట నిలబడి పిడికిళ్ళు బిగించాను. లోపల టిక్కు. చాలాసేపటికి ఇంకో టిక్కు. తొమ్మిది వరుసలు! ముప్పై ఒక్క వరుసలు పక్కకి తిరిగి పొడిగా నిలబడి ఉన్నాయి, పిలవని పేరంటానికి వచ్చినట్టు.

గడపకి ఆరు బిందెలు వచ్చేది రెండు బిందెలైంది. వరుసలో నిలబడిన ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఏటి దాలినాయుడూ, సదువుకున్న నీలు ఇంతేనేటి?"

"నెమ్మదిగా తాగండర్రా, అచ్చరాలు గొంతులో ఇరుక్కుంటాయి."

పాపం దాలినాయుడు చెవులు ఎర్రగా చేసుకుని బిందెలు కొలిచాడు. హంసవేణి కూడా తన బిందెతో అదే వరుసలో నిలబడింది, ముందుకు తోసుకు రాలేదు. అది నేను గమనించాను. గమనించినా వదిలిపెట్టలేదు.

"సూసినావా, ఎన్ని బిందెలో?" అన్నాను.

"చూశాను అమ్మా. నీళ్ళు ఆపాలని నాకేం సరదా కాదు. రెండుసార్లు వల చిరిగింది. మూడోసారి గాలికి స్తంభమే ఒరిగితే కింద ఇళ్ళున్నాయి. ఎవరు ఏం నొక్కారో నాకు తెలియాలి కదా?"

"నా ఏలు ఏం నొక్కిందో నాకు తెల్దేటి?"

"మరి ఎందుకు చిరిగిందో చెప్పండి."

నా బిందె ఎత్తుకుని పక్కకి తప్పుకున్నాను.

సంగతి ఏమిటంటే, తొమ్మిదో వరుస దగ్గర గట్టులో గండి ఉంది. ఒక్కోరోజు మబ్బు వెనకే ఆ గండిలోంచి ఈడ్చి కొట్టే గాలి వస్తుంది. గండిగంట మోగగానే మిగతావన్నీ వదిలేసి తొమ్మిదో వరుసను వాల్చెయ్యాలి. పోయిన నెలలో గండిగాలి వచ్చిన రెండు రోజులూ బల్ల దగ్గర ఉన్నది కొర్రా చిలకమ్మ. కొండపిల్ల, ముప్పై అయిదేళ్ళది, నా పన్నెండుమందిలో అందరికన్నా బేగి చేతిది. రెండుసార్లూ వాల్చింది. రెండుసార్లూ పదో వరుస పడుకుంది, తొమ్మిదోది నిలబడి చిరిగింది. నేను పక్కనే ఉన్నాను. వేళ్ళు సరిగ్గానే ఆడాయి. ఎలా జరిగిందో నాకు అందడం లేదు.

ఇంటికి వస్తూ దాలినాయుణ్ణి నిలదీశాను. "నిజం సెప్పు. నానంటే కడుపుమంటతో మీటలేవైనా కెలికినావా?"

"అప్పా, నీ కీబోర్డు ముట్టుకోడానికే నాకు బయం. అచ్చరాల్లేని దాన్ని నానేటి కెలకను?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఇదీ రాయి, పెట్టే.

తొమ్మిదో రోజు

దొరికింది! దొరికేసింది!

మూత వేస్తే వేళ్ళు తుప్పు పడతాయని చింతపిక్కలు అంటించిన చెక్క ఒకటి చేశాను. ఏ మీట ఎక్కడో అక్కడ ఒక పిక్క. పన్నెండుమందీ మా నడవాలో వంతులవారీగా దాని మీద సాధన చేస్తున్నారు. వీధిన పోయేవాళ్ళు మాకు పిచ్చెక్కిందనుకుంటున్నారు.

బల్లగదిలో గాలిహోరుకి ఎవరి లెక్క వాళ్ళు మనసులోనే పెట్టుకుంటారు. ఇక్కడ హోరు లేదు. చిలకమ్మ కూర్చుంది. "గంట మోగినాది! తొమ్మిదో వరస!" అని అరిచాను. దాటు పిక్క మీద వేలు పరుగెత్తింది, నోరు లెక్కపెట్టింది. నేను తట్లు లెక్కపెట్టాను. ఆమె "తొమ్మిది" అనేసరికి నా లెక్కకి పది.

"మల్లీ కొట్టు."

మళ్ళీ అంతే. ఈసారి ఆమె నోటినే చూస్తూ కూర్చున్నాను. మొదటి తట్టుకి పెదవి కదల్లేదు. రెండో తట్టుకి "ఒకటి" అంది.

"ఒలే, ముందు కొట్టినదేటి?"

"అది కొండతల్లిది కదా, పెద్దమ్మా," అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"కొండతల్లిదేటి?"

"మొదటిది అమ్మోరిది. లెక్కలోకి రాదు. సోళ్ళు కొలిసినా, కందులు కొలిసినా మొదటి కొలత అమ్మోరి బుట్టలో పోసి, అప్పుడు ఒకటని మొదలెడతాం. మీరెట్టరేటి?"

మేము పెట్టం! మా పేటలో చేపలు కొలిచినా వల కళ్ళు లెక్కపెట్టినా మొదటిది లాభం. లాభం, రెండు, మూడు. దేవుడి పేరూ అందులోనే, లెక్కా అందులోనే. ఒక్క చేప కూడా బయటికి పోదు. ఇరవై ఏళ్ళుగా నేను లాభమని మొదలుపెడుతున్నాను. చిలకమ్మ మొదటి తట్టు కొండతల్లికి ఇచ్చి మొదలుపెడుతోంది. వరుసగా ఒకటో దాని నుంచి నలభై దాకా వెళ్ళిపోయేటప్పుడు లెక్కతో పనిలేదు, అందుకే ఇన్నాళ్ళూ బయటపడలేదు. గండిగాలి రోజున, ఒక్క వరుసను పట్టుకోవాల్సిన రోజున, ఒకటి ఎక్కువ దాటింది.

వేళ్ళు తప్పలేదు. మీటలు తప్పలేదు. చదువు రాకపోవడం వల్ల తప్పలేదు! చిలకమ్మను పట్టుకుని గిరగిరా తిప్పాను. ఎందుకో తెలియక అదీ నవ్వుతూ తిరిగింది.

పదో రోజు

నిన్న అంత ఎగిరాను కదా. పడుకుని లేచేసరికి ఇంకో వైపు కనబడింది.

మీరెలా లెక్కపెడతారని ఆ అయిదుగురినీ నేను ఒక్కసారైనా అడిగానా? లేదు. నా లెక్కే లోకం లెక్క అనుకున్నాను. వల చిరిగింది నా వల్ల. ఇది విచారణలో వినిపిస్తే హంసవేణి ఏమంటుంది? అక్షరం రానివాళ్ళు అక్షరం రానివాళ్ళకి నేర్పితే ఇలాగే ఉంటుందంటుంది. మూత మీద ఇంకో తాళం వేస్తుంది. పన్నెండుమందీ ఇళ్ళకి పోవాలి.

ఈ పెట్టెకి కూడా ఓ చిన్న కీబోర్డు ఉంది. దానికీ ఎడమ మూలన లంగరు ఉంది. చిటికెన వేలు పెట్టాను. పై వరుసలో మొదటిది తట్టాను. విప్పు. అద్దం మీద నిన్నటి రాత చివరి నుంచి ఒక్కో ముక్కా మాయమైంది. నాకు చదవడం రాకపోవచ్చు, తెల్లబడటం కనిపిస్తుంది. కొండతల్లి పోయింది, సోళ్ళు పోయాయి, లాభం పోయింది. ఎంత తేలికో! తొమ్మిదో రోజంతా కాగితం మీద పుట్టనే లేదు.

అప్పుడే చిలకమ్మ వచ్చింది. ముంతలో తనకొచ్చిన నీళ్ళలో సగం తెచ్చింది, నా గొంతు ఎండిపోతుందని.

"పెద్దమ్మా, విచారనలో నా పేరు సెప్పీ," అంది. "రెండుపాలీ నా సేతిలోనే సిరిగినాది. నా ఏళ్ళే పాపిట్టివి. నానింక బల్ల ముట్టను. మిగతావోలైనా ఉంటారు."

నిన్న నేను తిప్పి తిప్పి ఎగిరింది ఎందుకో దానికి నేను చెప్పనే లేదు. దొరికిందని మురిసిపోయానే గానీ, తప్పు తన వేళ్ళది కాదని ఆ పిల్లకి చెప్పడం మరిచిపోయాను. ఆ వేళ్ళు పాపిష్టివట! గట్టు మీద అంత బేగి వేళ్ళు ఇంకో జత లేవు!

"ఒలే సచ్చినదానా, నోర్ముయ్యి, ఇలా కూకో," అన్నాను. విప్పినదాన్ని మళ్ళీ అల్లే మీట కూడా ఉంది. లంగరు వేసి, అక్షరాల వరుసల్లో అన్నిటికన్నా పైదానిలో ఆరోది. ఎన్నిసార్లు విప్పానో అన్నిసార్లూ తట్టాను, బయటికి లెక్కపెడుతూ. లాభం నుంచి పద్దెనిమిది దాకా. రాత అంతా తిరిగి వచ్చింది. చిలకమ్మకి మొదటి నుంచీ చెప్పాను. అది ఏడ్చి, నవ్వి, చివరికి తిట్టింది. "ముందే అడగొచ్చు కదేటి!"

అడగాల్సింది. ఆ తప్పు నాది. రాయి.

పదమూడో రోజు

ఈ వింత చూడండి. చిరిగిన వరుసకి కొత్త వలలు వచ్చాయి. నేను గట్టు మీదికి ఎక్కేసరికి పనివాళ్ళు ఎనిమిదో వరుస విప్పుతున్నారు! చెక్కుచెదరని వరుస! తొమ్మిదోది పక్కనే చిరుగులు వేలాడదీసుకుని, నా సంగతేమిటన్నట్టు ఊగుతోంది.

"ఒరే, కళ్ళు నెత్తికెక్కినాయా? సిరిగింది అది కదరా!"

"కాయితంలో ఎనిమిదని ఉన్నాది, మామ్మా. హంసవేణిగోరి సంతకం ఉన్నాది. మేం స్తంభాలు లెక్కెట్టుకునే వచ్చినాం."

స్తంభం కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. నన్ను లేపితే గానీ వల దిగదన్నాను. అప్పటికే రెండు వలలు దింపేశారు. దాలినాయుణ్ణి పిలిపించి కాగితం చదివిస్తే నిజంగానే ఎనిమిది.

అక్షరం రాని మేము ఒకటి ఎక్కువ దాటాం. బాగుంది. మరి అక్షరాలన్నీ వచ్చినవాళ్ళు ఒకటి తక్కువ ఎలా దాటారు? వీళ్ళ దేవుడు ఎవరో, ఏ కొలత ఎవరి బుట్టలో పోస్తారో! పొద్దుటి నుంచీ అదే ఆలోచన. నవ్వు ఆగడం లేదు, కోపమూ ఆగడం లేదు.

పదిహేనో రోజు

గొంతు పోయింది. అయినా చెబుతాను. ఈ రోజు చెప్పకపోతే ఎప్పుడు చెబుతాను?

బల్లగది అరుగు మీద విచారణ. సగం గట్టు జనం ఖాళీ బిందెలతో సహా వచ్చారు. పెట్టె రాసినదంతా దాలినాయుడు చదివాడు. తనను అనుమానించిన చోట ఆగి, గొంతు సవరించుకుని, అదీ చదివాడు. కొండతల్లి లెక్క దగ్గరికి వచ్చేసరికి జనంలో గుసగుస. కొండవాళ్ళు కొందరు నా వంక కోపంగా చూశారు, వాళ్ళ అమ్మవారిని తప్పుపట్టానేమోనని. నేను లేచాను.

"అమ్మోరిది తప్పు కాదు. సిలకమ్మది తప్పు కాదు. అడగని నాది తప్పు. సిరిగిన వల నా సేతుల్తోనే అల్లుతాను. అంతవరకూ ఒప్పుకున్నాను."

హంసవేణి కాగితం మీద ఏదో రాసుకుంది. తర్వాత మెల్లగా అంది. "మీరు దాచకుండా చెప్పారు. అందుకు మీకు నమస్కారం. కానీ కాసులమ్మగారూ, నేను అన్నదీ ఇదే కదా? తెర మీద అంకె చదవగలిగి ఉంటే ఈ పొరపాటు జరిగేదా?"

నేను ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాను. కాగితంలోని ఎనిమిది తెర మీంచే దిగి ఉంటుందని రెండు రోజులుగా నా అనుమానం.

"దాలినాయుడూ! లోపలికెళ్ళి తెర సూడు. మొట్టమొదటి వరస మీద ఏ అంకె ఉన్నాదో గట్టిగా సదువు."

వాడు లోపలికి వెళ్ళాడు. అందరం తలుపు వైపు చూస్తున్నాం.

"సున్నా!"

"ఏటీ?"

"సున్నా, అప్పా! యంత్రం సున్నా నుంచే లెక్కెడతాది. మొదటిది సున్నా, రెండోది ఒకటి. నాను అంకె సూసి నొక్కుతాను గానీ స్తంభాలెప్పుడూ లెక్కెట్టనేదు."

"అలగైతే సిరిగిన తొమ్మిదోదాని మీద ఏటుంటాది?"

"ఎనిమిది."

హంసవేణి మొహం చూడాలి! తెర మీద ఎనిమిది చదివింది, కాగితం మీద ఎనిమిది రాసింది, పనివాళ్ళు కాళ్ళతో ఎనిమిది లెక్కపెట్టి మంచి వల విప్పారు. చదివింది సరే, రాసింది సరే, విప్పింది సరే. అయినా తప్పే!

"మాకు లాభం, కొండోలకి అమ్మోరు, సదువుకున్న మీకు సున్నా," అన్నాను. "మొదటిదాన్ని మూడు ముక్కలు సేసినాం తల్లీ. ఇందులో అచ్చరాల గొడవెక్కడున్నాది?"

అరుగు అరుగంతా నవ్వింది. ముందు కొండవాళ్ళు నవ్వారు. ఆ తర్వాత హంసవేణి కూడా చేతిలో కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ నవ్వులోనే మబ్బుగంట మోగింది. తూర్పులోయలోంచి లేచింది, ఈ ఏడు ఇంత చిక్కటిది రాలేదు. వెనకే గండిలో ఈల మొదలైంది. గండిగంట కూడా మోగింది, రెండూ ఒకేసారి! అక్కడున్నవాళ్ళ కళ్ళన్నీ హంసవేణి నడుముకున్న తాళాల మీద పడ్డాయి. ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత పరుగెత్తింది. తాళం తీసి, మూత ఊడబీకి, "కూర్చోండి కాసులమ్మగారూ!" అంది.

నేను కూర్చోలేదు. "సిలకమ్మా! రా!"

వచ్చి కూర్చుంది. చెవి దగ్గర అరిచాను. "మనసులో కాదు. ఊరందరికీ ఇనపడాల!"

అది చిటికెన వేలితో లంగరు సరిచూసుకుంది. వదిలి, దాటు మీద వేలు పెట్టింది. కళ్ళు మూసుకుని, "అమ్మా, నీది తర్వాత ఇస్తాను," అని గొణిగి, గట్టిగా మొదలెట్టింది. "లాభం!"

"లాభం!" అన్నారు గుమ్మంలో ఉన్నవాళ్ళు. "రెండు!" అన్నారు అరుగు మీదివాళ్ళు. "మూడు! నాలుగు!" గాలిహోరుని మించిపోయింది. తొమ్మిది అనేసరికి లంగరు దిగింది, బాణం తగిలింది. కిటికీలోంచి చూశాం. గండి దగ్గర తొమ్మిదో వరుస మంచంలా వాలి పడుకుంది. గాలి దాని మీదుగా ఈలవేసుకుంటూ పోయింది. కొత్తగా ఒక్క పోగు తెగలేదు.

"ఇంక మొదటిది తిప్పి ఎత్తు!" అన్నాను. ఎత్తింది. దాటింది, వేసింది, దాటింది, వేసింది. తొమ్మిదోది తప్ప అన్నీ! మూడున్నర నిమిషాలు! నాకంటే ముందు! ఒలే, నాకంటే ముందు!

తొట్లు పొంగుతుంటే జనం విచారణ సంగతే మరిచిపోయారు. హంసవేణి మరవలేదు. అరుగు మీద నిలబడి తీర్పు చెప్పింది. పన్నెండుమందీ బల్ల దగ్గర ఉంటారు. గండిగాలి రోజున లెక్క బయటికి పెట్టాలి, లాభం నుంచి మొదలుపెట్టాలి. స్తంభాల మీదా తెర మీదా అంకెలు అలాగే మార్పిస్తుంది. ఎనిమిదో వరుస తప్పు తన పేరున రాసుకుంటుంది.

పదహారో రోజు

తొమ్మిదో వరుస కింద కూర్చుని చిరుగులు అల్లుతూ చెబుతున్నాను. మాట ప్రకారం నా చేతులతోనే. పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాను. ఎనిమిదో వరుస దగ్గర హంసవేణి తను దింపించిన రెండు వలల్ని పనివాళ్ళతో కలిసి తిరిగి కడుతోంది. కట్టడం రాదు. జారుముడి వేస్తోంది.

ఇందాక నా పక్కకి వచ్చి కూర్చుంది. కాసేపు నా వేళ్ళే చూసింది. నోరు విప్పి ఏమీ అడగలేదు. అలా చూస్తేనే నాకు నచ్చుతుంది. చింతపిక్కల చెక్క తీసి ఆమె ఒళ్ళో పెట్టాను.

"ఎక్కడ మొదలుపెట్టాలి?" అంది.

"మూలన. సిటికెన ఏలు. అదిగో, లంగరు."

పెట్టింది. చిటికెన వేలు మాట వినలేదు, పక్క వేలిని వెంట లాక్కొచ్చింది. మొదటిరోజు అందరికీ అంతే. చిలకమ్మ పై నుంచి చూసి నవ్వింది. "తల్లీ, ఎన్ని అచ్చరాలు తెలిస్తే ఏటి, ఏలికి తెల్నేదు!"

"తెలుస్తాది," అన్నాను. "లాభం అను."

"లాభం," అంది హంసవేణి.

నా వాదన ఇంతే. నా తప్పూ ఇందులోనే ఉంది, నా గెలుపూ ఇందులోనే ఉంది. ఏ ఒక్క కన్నూ విప్పను. ఇదిగో పెట్టే, లంగరు వేశాను. పై దాని పై వరుసలో రెండోది.

ముడి.